ఛాస్మోజీనస్: మగ భాగాల్లో రెండు రూపాలు, సీఓఐలో మూడు గుంపులు. ఎన్ని జాతులనుకోవాలి?

వాగు_వల
గయానా షీల్డ్ (దక్షిణ అమెరికా ఈశాన్య ప్రాంతం) నుంచి వచ్చిన నీటి పెంకుపురుగుల లాట్ ఒకటి చేతిలో ఉంది. కొన్ని సురినామ్ బ్రౌన్స్‌బెర్గ్ నుంచి, కొన్ని వెనెజువెలా బొలీవర్ రాష్ట్రం నుంచి. అడవి వాగుల పక్కన ఆకులు కుళ్ళిన గుంటల్లో పట్టినవి. హైడ్రోఫిలిడే కుటుంబం, ప్రజాతి ఛాస్మోజీనస్. మొత్తం 31 పురుగులు, మగవి 13. పొడవు 3.5 నుంచి 4.3 మి.మీ. పైనుంచి చూస్తే అన్నీ ఒకటే ముదురు గోధుమరంగు, ఒకటే నునుపు.

మగవాటి ఏడియాగస్ (జననాంగం) తీసి చూస్తే రెండు రూపాలు. మొదటి దాంట్లో పారామియర్ (ఏడియాగస్ పక్క ముక్క) కొస మొద్దుగా ఉంది. రెండో దాంట్లో కొస సన్నబడి బయటికి తిరిగింది. సీఓఐ (జాతులు పోల్చడానికి వాడే మైటోకాండ్రియా జన్యువు) చేస్తే మాత్రం మూడు గుంపులొచ్చాయి. మొద్దు కొస ఉన్నవే రెండుగా చీలాయి, మధ్య తేడా 4.6 శాతం. పక్కవాళ్ళు "మూడు కొత్త జాతులు రాసెయ్" అంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. ఆడవి 18 ఉన్నాయి, వాటినెక్కడ పెట్టాలో అసలు తెలియడం లేదు.

పెంకురెక్క
జాతి సంగతి తర్వాత, ముందు ప్రజాతి తేలిందా? పెంకు రెక్కలు రెండూ కలిసే చోట, అతుకు పక్కనే లోతైన గీత ఉందా? వెనక భాగంలో స్పష్టంగా కనిపించాలి. అది ఉంటే దగ్గరి ప్రజాతి హెలోకేరీస్ కాదు.

వాగు_వల
ఉంది. అన్నిట్లోనూ ఉంది.

పెంకురెక్క
అదొక్కటే సరిపోదు. దక్షిణ అమెరికాలో అసిడోసెరినే ఉపకుటుంబంలోనే ప్రిమోసెరస్‌కీ అతుకు గీత ఉంటుంది, అది కూడా గయానా షీల్డ్‌లోనే దొరుకుతుంది. ఇంకో పక్క ఎనోక్రస్ వేరే ఉపకుటుంబమైనా దానికీ అతుకు గీత ఉంది, సైజు కూడా ఇంచుమించు ఇదే. ఎనోక్రస్‌ని పక్కన పెట్టాలంటే మాక్సిలరీ పాల్ప్ (నోటి దగ్గరి స్పర్శాంగం) చూడండి. పొడవాటి రెండో ఖండం ఏ వైపుకి వంగిందో, చివరి ఖండం దాని ముందుదానికంటే పొట్టిదా కాదా అన్నది. పాల్ప్ విరిగిన పురుగుని ఈ దశలోనే పక్కన పెట్టేయండి, లేకపోతే తర్వాత దాని డీఎన్ఏ వేరే కొమ్మ మీద కూర్చుని మీ నిద్ర చెడగొడుతుంది.

తూనీగ_తోక
పాల్ప్ అంటే మీసాలేగా?

పెంకురెక్క
కాదండీ. ఈ కుటుంబంలో పొడవుగా ముందుకు కనిపించేవి పాల్ప్‌లు. అసలు మీసాలు పొట్టివి, కొస గదలా ఉబ్బి సన్నటి నూగుతో ఉంటుంది, తల కింద మడిచి పెట్టుకుంటుంది. నీటి పైకి వచ్చినప్పుడు ఆ మీసంతోనే నీటి పొర చీల్చి గాలి కిందికి లాక్కుంటుంది. ఫొటోల్లో మీసాలనుకునేవి తొంభై పాళ్ళు పాల్ప్‌లే.

చెరువుగట్టు
ఛాస్మోజీనస్ మన దగ్గర కూడా ఉందని పాత జాబితాల్లో చూశాను. మరి వాటితో పోల్చలేమా?

పెంకురెక్క
ఆసియా, ఆఫ్రికా వాటిని 2021లో హిరోన్, షార్ట్ మళ్ళీ క్రెఫెలోకేరీస్‌లోకి మార్చారు. పాత జాబితాలో ఛాస్మోజీనస్ అబ్‌నార్మాలిస్ అని ఉన్నది ఇప్పుడు క్రెఫెలోకేరీస్ అబ్‌నార్మాలిస్. ఛాస్మోజీనస్ పేరు అమెరికా ఖండాల వాటికే మిగిలింది. కాబట్టి జాతి పోలికకి మనవి పనికిరావు.

గ్లిజరిన్_చుక్క
వాగు_వల గారూ, రెండు రూపాలన్నారు. ఏడియాగస్‌ని ఎందులో ముంచి, ఏ కోణంలో చూశారు? స్లైడ్ మీద కవర్‌స్లిప్ వేశారా?

వాగు_వల
10 శాతం కేఓహెచ్‌లో (కండ కరిగించే క్షారం) పెట్టి, గ్లిజరిన్‌లో కవర్‌స్లిప్ వేసి పైనుంచి ఫొటో తీశాం. అన్నీ అలాగే.

గ్లిజరిన్_చుక్క
అయితే కొలతలు మళ్ళీ తీయాల్సిందే. అసలు చిక్కు ఇక్కడే ఉండొచ్చు.

ఈ కుటుంబం ఏడియాగస్‌లో మూడు ముక్కలు: కింద ఫాలోబేస్, రెండు పక్కలా పారామియర్లు, మధ్యలో మీడియన్ లోబ్. చూడ్డానికి మూడు వేళ్ళు దగ్గర పెట్టినట్టు ఉంటుంది. 4 మి.మీ. పురుగులో ఇది అర మిల్లీమీటరు అటూ ఇటూ. పారామియర్ బల్లపరుపు రేకు కాదు, లోపలికి వంపు తిరిగి ఉంటుంది. కవర్‌స్లిప్ బరువు పడగానే ఆ వంపు పరుచుకుని కొస బయటికి తిరిగినట్టు కనిపిస్తుంది. కాస్త ఒరిగినా మొద్దు కొస సన్నగా కనిపిస్తుంది. మీ "రెండో రూపం" నిజంగా ఉండొచ్చు, అలా ఒరిగిందీ కావొచ్చు.

ఇలా చేయండి. ఆల్కహాల్‌లోంచి తీసిన పురుగుని ముందు నీళ్ళలో అరగంట ఉంచండి. 96 శాతంలో ఉన్నది పెళుసెక్కి ఉంటుంది, నేరుగా పట్టుకుంటే కాళ్ళు రాలతాయి. ఎండిన పురుగైతే 60 డిగ్రీల వేడి నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేసి అరగంట. పురుగుని వెల్లకిలా పెట్టి, అతి సన్నటి మినుటెన్ పిన్ కొసని కొక్కెంలా వంచి, ఆఖరి పొట్ట పలకకీ దాని పై పలకకీ మధ్య దూర్చి నెమ్మదిగా వెనక్కి లాగండి. ఏడియాగస్ చుట్టూ పొరలతో సహా వస్తుంది.

10 శాతం కేఓహెచ్ గోరువెచ్చగా పది నిమిషాలు. రెండు మూడు నిమిషాలకోసారి చూస్తూ ఉండండి. కండ కరిగి గోడలు కనిపించగానే తీసేయాలి. అప్పుడే ప్యూపా నుంచి వచ్చిన లేత పురుగుల్లో గోడ గట్టిపడి ఉండదు, కేఓహెచ్‌లో ఎక్కువసేపు ఉంటే పారామియర్లు చీకిపోయి కొస ముడుచుకుపోతుంది. అలాంటిదాన్ని కొత్త రూపం అనుకునే ప్రమాదం చాలా ఉంది. తర్వాత నీళ్ళలో వెనిగర్ రెండు చుక్కలు, మళ్ళీ మంచినీళ్ళు, తర్వాత గుంట స్లైడ్‌లో గ్లిజరిన్. కవర్‌స్లిప్ వద్దు. నిలబడకపోతే చేతులకి రాసుకునే శానిటైజర్ జెల్ వాడండి, చిక్కగా ఉంటుంది, పెట్టిన కోణంలోనే ఆగుతుంది. పైనుంచి, పక్కనుంచి, కిందనుంచి మూడు ఫొటోలు, ఒకే జూమ్‌లో, స్కేల్ బార్‌తో.

మైక్రాన్
గ్లిజరిన్_చుక్క గారు చెప్పిన పద్ధతి బాగానే ఉంది కానీ, డీఎన్ఏ కూడా కావాల్సిన పురుగులకి కేఓహెచ్ ఎందుకు? కేఓహెచ్‌లో పడ్డ ముక్క నుంచి డీఎన్ఏ రాదు. పొట్ట విడదీసి ప్రోటినేజ్ కే (కండ కరిగించే ఎంజైమ్) బఫర్‌లో 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. డీఎన్ఏ బఫర్‌లోకి వస్తుంది, కండ కరిగిపోయి పెంకు మిగులుతుంది, ఏడియాగస్ శుభ్రంగా బయటపడుతుంది. ఒకే పనిలో రెండూ అయిపోతాయి. ముఖ్యంగా, ఏ ఏడియాగస్ ఏ సీక్వెన్స్‌దో అన్న గొడవ ఉండదు.

గ్లిజరిన్_చుక్క
కొత్తగా పట్టినవాటికి ఒప్పుకుంటాను. మ్యూజియంలో ఎండిన పాతవాటికి ప్రోటినేజ్ తర్వాత కూడా కొవ్వు మిగిలిపోతుంది, అప్పుడు కాసేపు కేఓహెచ్ తప్పదు. లేతవాటికైతే వెచ్చని లాక్టిక్ ఆసిడ్ మేలు.

తూనీగ_తోక
డీఎన్ఏకి ఎన్ని కాళ్ళు కావాలి?

మైక్రాన్
ఒక్కటి చాలు, మధ్య కాలో వెనక కాలో. ఆరూ ఇచ్చేస్తే మిగిలింది పురుగు కాదు, గింజ. ఎడమ పక్కవే తీయాలని నియమం పెట్టుకోండి, అప్పుడు కుడి పక్క ఎప్పుడూ పోలికకి మిగిలి ఉంటుంది. ముందు కాళ్ళు ముట్టుకోకండి, చాలా ప్రజాతుల్లో మగా ఆడా తేడా అక్కడే ఉంటుంది.

బేస్‌జత
ఇక సీఓఐ సంగతి. 4.6 శాతం అన్నారు, సీఓఐలో ఏ ముక్క? ఫోల్మర్ ప్రైమర్లతో (జన్యువులో కావాల్సిన ముక్కని పట్టే చిన్న డీఎన్ఏ తునకలు) వచ్చిన ముందు భాగమా, జెర్రీ-ప్యాట్‌తో వచ్చిన వెనక భాగమా?

వాగు_వల
మా దగ్గర చేసినవన్నీ జెర్రీ-ప్యాట్. బోల్డ్ అనే డీఎన్ఏ బార్‌కోడ్‌ల డేటాబేస్ నుంచి పోలికకి తెచ్చుకున్నవి మూడున్నాయి.

బేస్‌జత
బోల్డ్‌లో ఉండేది ఫోల్మర్ ముక్క, 658 బేస్‌లు. ఎల్‌సీఓ 1490, హెచ్‌సీఓ 2198 అని ప్రైమర్ పేర్లలోనే స్థానాలున్నాయి. జెర్రీ 2183 దగ్గర మొదలై ప్యాట్ 3014 దగ్గర ఆగుతుంది. అంటే ఒకటి ఆగిన చోట ఇంకోటి మొదలు, రెండింటికీ ఉమ్మడి భాగం లేదు. రెండూ ఒకే అలైన్‌మెంట్‌లో (సీక్వెన్స్‌ల వరస పోలిక) పెట్టి వంశవృక్షం చెట్టు గీస్తే ప్రోగ్రామ్ నోరెత్తదు, చెట్టు ఇచ్చేస్తుంది. కానీ ఆ మూడింటికీ మీవాటికీ మధ్య పోల్చడానికి ఒక్క బేసూ లేదు. ఈ కుటుంబం మీద వచ్చిన ఫైలోజెనీ (వంశవృక్షం తేల్చే) పనిలో ఎక్కువ భాగం వెనక ముక్కతోనే జరిగింది, బార్‌కోడింగ్ అంతా ముందు ముక్కతో. హైడ్రోఫిలిడేలో ఈ తికమక తరచూ వస్తుంది.

బోల్డ్ మూడూ తీసేసి చెట్టు మళ్ళీ గీయండి. మూడో గుంపు నిలిచిందా?

వాగు_వల
తీసేసి చూశాను. నిలిచింది. రెండు మొద్దు గుంపులూ మావాటిలోనే ఉన్నాయి: ఒకటి పూర్తిగా బ్రౌన్స్‌బెర్గ్, ఒకటి పూర్తిగా బొలీవర్. సన్న కొస గుంపు రెండు చోట్లా ఉంది.

కొల్లేటి_కొంగ
అదీ అసలు విషయం. రెండు కొసల నుంచి తెచ్చి, మధ్యలో వందల కిలోమీటర్ల గయానా దేశం మొత్తం వదిలేస్తే రెండు గుంపులు రాక ఏమవుతాయి? దూరం పెరిగేకొద్దీ తేడా మెల్లగా పెరిగే జాతిలో కూడా, మధ్య పురుగులు లేకపోతే అగాధం ఉన్నట్టే కనిపిస్తుంది. ఇంత తేడా దాటితే వేరే జాతి అనే 2 శాతం, 3 శాతం గీతలు ఎక్కడో వేరే గుంపుల్లో సగటుగా తేలినవి, చట్టం కాదు. మధ్య గయానా నుంచి నాలుగైదు చోట్లవి దొరికేదాకా ఈ 4.6ని జాతి అనకండి.

మైక్రాన్
కొల్లేటి_కొంగ గారితో సగమే ఒప్పుకుంటాను. సన్న కొస గుంపు అదే రెండు చోట్లా ఉంది కదా, దాని లోపల తేడా ఎంత?

వాగు_వల
0.9 శాతం.

మైక్రాన్
చూశారా. అదే దూరం, అలాంటివే గుంటలు, అదే ప్రజాతి. ఒకదాంట్లో 0.9, ఇంకోదాంట్లో 4.6. దూరం ఒక్కటే కారణమైతే రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి. మొద్దు గుంపులో ఇంకేదో ఉంది.

కొల్లేటి_కొంగ
ఎగిరే అలవాటు తేడా కావొచ్చు. ఒకటి లైట్ ట్రాప్‌కి వచ్చేదీ, ఒకటి వాగు వదలనిదీ అయితే చాలు, ఈ లెక్క వచ్చేస్తుంది. మైటోకాండ్రియా తల్లి వైపు నుంచే వస్తుందని కూడా మర్చిపోవద్దు. వొల్బాకియా బాక్టీరియా ఒక చోట పాకితే దానితోపాటు ఒకే మైటోకాండ్రియా రకం ఆ చోటంతా ఊడ్చేస్తుంది. జాతి ఒకటే, సీఓఐ రెండు. డీఎన్ఏ మిగిలే ఉంటుంది కదా, వొల్బాకియాని పట్టే డబ్ల్యూఎస్‌పీ ప్రైమర్లతో ఒక పీసీఆర్ చేసి చూడండి.

బేస్‌జత
న్యూక్లియర్ జన్యువు ఒకటైనా కావాలి. 28ఎస్, హిస్టోన్ హెచ్3 జన్యువులు దగ్గరి జాతుల మధ్య మారడం చాలా నెమ్మది. అక్కడ తేడా కనపడలేదంటే జాతి ఒకటే అని కాదు. క్యాడ్ గానీ వింగ్‌లెస్ గానీ, ఆ జన్యువులు ప్రయత్నించండి. క్రోమాటోగ్రామ్‌లు (సీక్వెన్సర్ ఇచ్చే శిఖరాల గ్రాఫులు) కూడా కళ్ళతో ఓసారి చూడండి. మధ్యలో స్టాప్ కోడాన్ గానీ, వరసగా జంట శిఖరాలు గానీ ఉంటే అది సీఓఐ కాదు, న్యూక్లియస్‌లోకి దూరిన నకలు. పనికిరాదు, తీసేయండి.

జాతుల లెక్క తేల్చే ప్రోగ్రామ్‌లలో జీఎంవైసీ ఇలా కొసల నుంచి తెచ్చిన శాంపిల్‌ని ముక్కలు ముక్కలు చేస్తుంది. అసాప్‌తో పాటు ఎంపీటీపీ కూడా నడిపి, రెండూ ఒకే మాట చెప్తేనే రాయండి.

చెరువుగట్టు
ఇంత గొడవెందుకు? కంటికి తేడా లేనిది జాతి ఎలా అవుతుంది? పొలంలో పురుగులు లెక్కపెట్టేవాడికి ఏం ఉపయోగం?

పెంకురెక్క
కంటికి అంటే ఎవరి కంటికి? ఇదే కుటుంబంలోని దక్షిణ అమెరికా బెరోసస్ ప్రజాతి సంగతి చూడండి. 1989లో ఆడ్రియానా ఒలివా ఖండం మొత్తం బెరోసస్‌ని సమీక్షించారు. 2012లో ఒలివా, షార్ట్ ఒక్క వెనెజువెలా మీదే కూర్చుంటే 14 కొత్త జాతులు వచ్చాయి. వాటిని విడదీయడంలో ఏడియాగస్, పొట్ట ఆఖరి పలక అంచులో నొక్కు ఆకారం, పెంకు రెక్క మీది సూక్ష్మమైన గీతల అల్లిక లాంటివే ఆధారం. పైనుంచి చూస్తే పసుపు మీద నల్ల చుక్కలు, అంతే. బెరోసస్‌లో మగదాన్ని పట్టడం సులువు, ముందు పాదంలో నాలుగే ఖండాలు, ఆడదానికి అయిదు. మగది చేతికొస్తే సగం పని అయినట్టే.

తూనీగ_తోక
రంగు చారలు చూసి చెప్పలేమా? ట్రోపిస్టర్నస్ కొల్లారిస్ చారలు చాలా స్పష్టంగా ఉంటాయి కదా.

పెంకురెక్క
మీరు తీసుకున్న ఉదాహరణే చారల మీద నమ్మకం పోగొడుతుంది. కొల్లారిస్‌ని 1775లో ఫాబ్రిషియస్ పేరు పెట్టినప్పటి నుంచీ చారల లెక్కతోనే ముక్కలు చేస్తూ వచ్చారు. మెక్సికానస్, స్ట్రియోలాటస్, విరిడిస్, ప్రాక్సిమస్ అని ఉపజాతులు. రెండు రూపాలు కలిసే చోట మధ్యరకం చారలవి కూడా దొరుకుతాయి. చారలు లాట్‌ని మొదట వేరు చేసుకోవడానికి పనికొస్తాయి, పేరు పెట్టడానికి కాదు.

ఫొటో యాప్‌లలో దక్షిణ అమెరికా ట్రోపిస్టర్నస్‌కి పైనుంచి తీసిన ఒక్క ఫొటోతో జాతి పేరు పెట్టి, ఇద్దరు సరే అనగానే ఖాయం చేసేస్తున్నారు. దయచేసి కింది వైపు ఫొటో అడగండి. ఛాతీ కింద మధ్యలో పొడవాటి వెన్నుగట్టు, అది వెనక్కి ముల్లులా సాగి పొట్ట మీదికి రావడం, దాని ముందు కొస దూరేలా ప్రోస్టెర్నమ్‌లో (ముందు కాళ్ళ మధ్య ఛాతీ పలక) గాడి ఉండటం చూడాలి. గాడి లేకపోతే హైడ్రోబయోమోర్ఫా ప్రజాతి కావొచ్చు. ఇవన్నీ చూసినా తేలేది ప్రజాతే.

చెరువుగట్టు
మన వరి మళ్ళలో స్టెర్నోలోఫస్ రూఫిపెస్‌ది కూడా ఇదే తంతు, అక్కడా ఇనకన్‌స్పిక్యుయస్‌తో కలిపేస్తుంటారు. సరే, ఒప్పుకున్నా.

వాగు_వల
ఆడవి 18 ఏం చేయాలి?

మైక్రాన్
వాటి సీఓఐ చేసి ఏ గుంపులో పడితే ఆ గుంపు కోడ్ ఇవ్వండి. జాతి పేరు మాత్రం వద్దు. మీ మొద్దు గుంపు ఒకటా రెండా అన్నదే తేలనప్పుడు, సీఓఐతో కలిపిన ఆడదానికి ఆ అనుమానం కూడా అంటుకుంటుంది. సీక్వెన్స్ రానివి "ఛాస్మోజీనస్, ఆడ, జాతి తేలలేదు" అని వదిలేయండి. ఒకే గుంటలో పట్టాం కాబట్టి ఒకటే జాతి అని కలపకండి. మీ సన్న కొసవి, మొద్దు కొసవి ఒకే చోట దొరికాయని మీరే చెప్పారు.

సుడిగుండం
లార్వాలు కూడా ఉంటే అసలు కలపకండి. లార్వాకి జాతి చెప్పాలంటే బతికున్న ఆడదాన్ని డబ్బాలో పెట్టి గుడ్ల సంచీ పెట్టించాలి. ఈ కుటుంబంలో ఆడవి పట్టుదారంతో గుడ్లకి సంచీ అల్లుతాయి. పిల్లలు బయటికొచ్చిన రోజే ఒక్కోదాన్ని ఒక్కో గిన్నెలో విడదీయండి, లేకపోతే ఒకదాన్నొకటి తినేస్తాయి. దోమ లార్వాలు, కైరోనమిడ్ ఎర్రపురుగులు మేత. మూడు దశలు. మూడో దశ చివర తిండి మానేస్తే తడి మట్టి ఉన్న గిన్నెలోకి మార్చాలి, మట్టిలో గది చేసుకుని ప్యూపా అవుతుంది. నీళ్ళలోనే ఉంచితే చచ్చిపోతుంది. విడిచిన చర్మాలన్నీ 96 శాతం ఆల్కహాల్‌లో, అదే నంబర్‌తో.

వాగు_వల
పేర్ల సంగతి కూడా చెప్పండి. పాత పేర్లలో మొద్దు కొసకి సరిపోయేది ఏదన్నా ఉందేమో ఎలా చూడాలి?

పెంకురెక్క
ప్రజాతి పెట్టింది 1882లో షార్ప్, మధ్య అమెరికా పురుగు మీద. వెనెజువెలా జాతులు కొన్ని 2000లో గార్సియా రాశారు. కోస్టారికా, పనామావి 2005లో ఆండ్రూ షార్ట్. మీ ప్రాంతానికి అన్నిటికంటే దగ్గరిది 2020లో స్మిత్, షార్ట్ చేసిన ఈశాన్య దక్షిణ అమెరికా సమీక్ష, సీఓఐ కూడా చేశారు. మొదట దానిలోని ఏడియాగస్ ఫొటోలతో మీవి పక్కపక్కన పెట్టండి, అదే కోణంలో తీసినవి మాత్రమే. ఏదన్నా దగ్గరగా అనిపిస్తే హోలోటైప్ (పేరు పెట్టినప్పుడు ఆధారంగా ఎంచిన అసలు పురుగు) ఉన్న మ్యూజియంకి రాసి మూడు కోణాల ఫొటోలు అడగండి. హోలోటైప్ ఆడదైతే ఆ పేరు మీ మగవాటికి అంటించడం కష్టం, అదే చోటు నుంచి మగది దొరకాలి.

ఈలోగా లేబుల్ మీద "అఫినిస్" అని రాయకండి, అది దగ్గరిదే కానీ వేరే అని తేలినప్పుడు రాసేది. ఇదే అయ్యుండొచ్చు, సరిచూడాలి అంటే "కాన్ఫర్". రెండూ కాకపోతే కోడ్. జాతి ఏ, జాతి బీ అని రాస్తే రేపు ఇంకొకరి జాతి ఏతో కలిసిపోతుంది. ప్రాజెక్ట్ పేరు, సంవత్సరం, వోచర్ (ఆధారంగా దాచిన పురుగు) నంబర్ కలిపి రాయండి.

బేస్‌జత
మధ్య చోట్ల కోసం బ్రెజిల్ రొరైమా వైపు నుంచి తెప్పించుకునే ఆలోచన ఉంటే ఒక జాగ్రత్త. 2015 నాటి 13.123 చట్టం ప్రకారం అక్కడి జన్యు పదార్థం మీద పని సిస్‌జెన్ అనే ప్రభుత్వ రిజిస్టర్‌లో నమోదవ్వాలి, అది అక్కడి సంస్థ ద్వారానే. పట్టడానికి సిస్‌బయో అనుమతి వేరే. ఈ కాగితాలు లేకపోతే సీక్వెన్స్‌లు చేతిలో ఉన్నా పేపర్ వేయలేరు.

వాగు_వల
సరే. 13 మగవీ కవర్‌స్లిప్ లేకుండా మళ్ళీ తీస్తున్నాను. మొదటి అయిదు అయ్యాయి. సన్న కొస నిజమే, జెల్‌లో పక్కనుంచి చూసినా బయటికే తిరిగి ఉంది. మొద్దు కొసవాటిలో బొలీవర్‌వి రెండింట్లో మీడియన్ లోబ్ పారామియర్ల కంటే కొంచెం పొట్టిగా ఉంది, బ్రౌన్స్‌బెర్గ్‌దాంట్లో రెండూ సమానం. కవర్‌స్లిప్ కింద ఇది అసలు కనపడలేదు.

గ్లిజరిన్_చుక్క
తొందరపడకండి. మీడియన్ లోబ్ లాగేటప్పుడు ముందుకీ వెనక్కీ జారుతుంది. కొసని కాదు, లోబ్ మొదలు నుంచి కొస దాకా కొలవండి, పారామియర్‌ని కూడా అలాగే. నిష్పత్తి రాయండి. రెండు చోట్ల నుంచీ కనీసం అయిదేసి మగవాటిలో ఆ నిష్పత్తి ఒకదాంట్లోకి ఒకటి దూరకపోతే అప్పుడు మాట్లాడదాం.

కొల్లేటి_కొంగ
అలా తేలితే నా గయానా అభ్యంతరం కూడా సగం పోతుంది. మిగతా సగం క్యాడ్ వచ్చాక చూద్దాం.

వాగు_వల
మొద్దు కొసవి బ్రౌన్స్‌బెర్గ్ నుంచి మగవి నాలుగే ఉన్నాయి. అయిదోది కోసం అక్కడివాళ్ళకి రాశాను. ఆకుల గుంట అడుగు నుంచే తీయమని, పట్టిన మర్నాడు ఆల్కహాల్ మార్చమని కూడా రాశాను, పురుగుల ఒంట్లో నీళ్ళకి 96 కాస్తా పల్చబడిపోతుంది కదా. కొలతలు ఈ థ్రెడ్‌లోనే పెడతాను.